సిగరెట్ అట్ట, గీతలు పడ్డ సీడీ, హుజూరాబాద్ దాకా 41 నిమిషాలు

ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతకు వెళ్లింది మా అమ్మాయికి నిఘంటువు కొనడానికి. తెచ్చింది మాత్రం ఆర్కిటిక్ మంకీస్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం మొదటి ఆల్బమ్ సీడీ. అమ్మేవాడు 200 అన్నాడు, నేను 80 అన్నాను, బేరం 120కి తెగింది. ఇంటికొచ్చి వెలుతురులో తిప్పి చూస్తే వెనకవైపు రెండు గీతలు. కారులో పెడితే పన్నెండో పాట దగ్గర ఒకే ముక్కను నమిలిందే నమిలింది. తెల్లటి టూత్‌పేస్టు వేలికి రాసుకుని, గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచు వైపు మెల్లగా రుద్ది, కడిగి, పాత బనీనుతో తుడిచాను. ఒక గీత లొంగింది. రెండోది ఇప్పటికీ లొంగలేదు.

నేను మెడికల్ రెప్‌ని. వారానికి రెండు రోజులు హనుమకొండ నుంచి కరీంనగర్ దాకా నా తిరుగుడు. కారు పాతది, అందులో సీడీ తప్ప మరొకటి పలకదు. ఈ ఆల్బమ్‌లో 13 పాటలు, మొత్తం 41 నిమిషాలు. నయీంనగర్ రద్దీలోంచి బయటపడ్డాక మొదలుపెడితే, దారి సహకరించిన రోజున హుజూరాబాద్ పొలిమేరల్లో అయిపోతుంది.

ముందు అట్ట గురించి చెప్పాలి, ఎందుకంటే దానితో నాకు ఇబ్బంది వచ్చింది. సిగరెట్ పీలుస్తున్న ఒక కుర్రవాడి నలుపు తెలుపు ఫొటో అది. బృందం వాళ్ల స్నేహితుడు క్రిస్ మెక్‌క్లూర్. చేతిలో డబ్బు పెట్టి, రాత్రంతా తాగి రమ్మని పంపి, తెల్లవారుజామున లివర్‌పూల్‌లోని ఒక బార్‌లో తీసిన ఫొటో. లోపల సీడీ మీద కూడా పీకలతో నిండిన యాష్‌ట్రే బొమ్మే. పొగతాగడం తప్పు కాదన్నట్టుగా ఉందని స్కాట్లాండ్ ప్రభుత్వ వైద్య విభాగం నుంచి అప్పట్లో విమర్శ కూడా వచ్చింది. నేను అమ్మేదేమో ఆయాసానికి ఇన్‌హేలర్లు. ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన నా కారులో ఈ అట్ట చూసి, "మీ కంపెనీకి గిరాకీ పెంచే పద్ధతా ఇది?" అన్నారు. అప్పటినుంచి అట్ట డాష్‌బోర్డు అరలో బోర్లా పడుకుంటోంది.

పేరు కూడా చేంతాడంత: 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్'. జనం నన్ను ఏదంటే నేను అది కాను అని. అలన్ సిల్లిటో 1958లో రాసిన కార్మికుల నవల నుంచి తీసుకున్న మాట. 2006 జనవరి 23న డొమినో సంస్థ విడుదల చేస్తే బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడయ్యాయి. అక్కడ ఏటా మేటి ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతీ ఆ ఏడాది దీనికే. అప్పటికి ఆ నలుగురూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ ఉన్న షెఫీల్డ్ కుర్రాళ్లు. 2001 క్రిస్మస్‌కు, పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్‌కూ జేమీ కుక్‌కూ ఇళ్లలో గిటార్లు కొనిచ్చారు. మ్యాట్ హెల్డర్స్‌కు మిగిలింది డ్రమ్స్. బేస్ ఆండీ నికల్సన్. కచేరీలకు వచ్చినవాళ్లకు డెమో సీడీలు ఊరికే పంచితే, వాళ్లు ఇంటర్నెట్‌లో ఎక్కించారు, పాటలు బృందం కంటే ముందే ఊళ్లు తిరిగాయి. నా దాకా 2007లో హాస్టల్‌లో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో వచ్చాయి. అప్పుడు డ్రమ్స్ మాత్రమే విన్నాను. మాటలు అర్థం కాలేదు, అవసరం కూడా అనిపించలేదు.

ఇప్పుడు మాటల కోసమే వింటున్నాను. మూడో పాట 'ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో' వచ్చినప్పుడల్లా ఒంటరిగా కారులో సిగ్గుపడతాను. షెఫీల్డ్‌లోనే పుట్టి అమెరికా వాళ్లలా పోజులు కొట్టే స్థానిక బృందాన్ని అందులో ఉతికి ఆరేస్తారు. మా ఇంజినీరింగ్ కాలేజీ బృందానికి ఆ పాట అచ్చంగా సరిపోతుంది. నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. మా గాయకుడిది పరకాల, మైకు ముందు నిలబడితే కాలిఫోర్నియా. మేము సొంతంగా రాసిన ఒకే ఒక్క ఇంగ్లిషు పాట మంచు కురిసే రాత్రి గురించి. మాకు తెలిసిన మంచు అంతా హనుమకొండ చౌరస్తాలో ఐస్ గోలా బండి మీద గీకేది.

టర్నర్ అలా చేయడు. అతని పాటలో అతని ఊరి యాస మొదటి మాట నుంచే ఉంటుంది. 'మార్డీ బమ్' అనే పాట పేరులోనే ఉంది చూడండి. మార్డీ అంటే ఉత్తర ఇంగ్లండ్ వాడుకలో మూతి ముడుచుకుని కూర్చునే మనిషి. లండన్ వాళ్ల కోసం దాన్ని మార్చలేదు, వివరించలేదు. నేనేమో ఉద్యోగంలో చేరినప్పుడు శిక్షణలో "ఆ యాస తగ్గించుకోండి" అంటే వారంలో తగ్గించుకున్నాను. కాళోజీ జయంతిని, సెప్టెంబరు 9ని, భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న ఊరివాణ్ణి. ఈ సమీక్ష కూడా పత్రికల తెలుగులోనే రాస్తున్నాను, గమనించే ఉంటారు. 'మార్డీ బమ్' బుంగమూతి పెట్టిన ప్రియురాలిని బతిమాలే పాట. గిటార్ కూడా బతిమాలుతున్నట్టే సాగుతుంది. మా ఆవిడకు ఆల్బమ్ మొత్తంలో నచ్చింది ఇదొక్కటే. అర్థం చెప్పాక మాత్రం, "మూతి ముడుచుకునేది ఎవరో మీకే తెలియాలి" అంది.

దాని ముందు పాట, 'రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్', రాత్రి ఇంటికి చేరడానికి టాక్సీ కోసం పడే పాట్లు. ఆరుగురిని ఎక్కించుకుంటావా అని డ్రైవర్ని అడగడమే అక్కడ పెద్ద విషయం. కాజీపేట షేర్ ఆటోలో ఆరుగురంటే బండి ఇంకా కదలదు, డ్రైవరు మరో నలుగురి కోసం కేకలు వేస్తుంటాడు. అయినా ఆ చిరాకు, ఆ తోపులాట, చివర్లో తలుపులు బిగుసుకోవడం, అన్నీ మనకు తెలిసినవే. ఉక్కు ఫ్యాక్టరీలు చితికిన ఊరి పాటలు ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డ ఊరివాడికి కొత్తగా ఏముంటాయి.

లోపాలు లేవని కాదు. నాలుగు నుంచి ఆరు దాకా పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. క్లబ్బు, అమ్మాయి, చెమట, మళ్లీ క్లబ్బు. హసన్‌పర్తి దాటాక నేను వాటిని వినడం మానేసి లారీలను చూస్తుంటాను. పదో పాట లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఇంకొకటి, శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో చెవిని మొత్తుతుంది. మా బాపు కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరయిన మనిషి. ఒకసారి కారులో పక్కన కూర్చుని పది నిమిషాలు ఓపిక పట్టి, "షెడ్డులోనైనా మధ్యాహ్నం గంట సేపు మోత ఆగేది కదరా" అన్నాడు. ఆయన కోసం ఏడో పాట 'రయట్ వ్యాన్' పెట్టాను. రెండు నిమిషాల నెమ్మది పాట, పోలీసు బండితో పరాచికాలాడే కుర్రాళ్ల కథ. కునుకు తీశాడు.

చివరి పాట 'ఎ సర్టెన్ రొమాన్స్' కోసమే నేను మిగతా పన్నెండింటినీ భరిస్తానేమో. హెల్డర్స్ డ్రమ్స్ విరుచుకుపడి, హఠాత్తుగా తగ్గి, తేలికగా ఊగే గిటార్‌లోకి దిగుతుంది. ఊళ్లో జులాయి కుర్రాళ్ల మీద, రింగ్‌టోన్ల కోసమే సంగీతమన్నట్టు బతికేవాళ్ల మీద విసుర్లతో మొదలవుతుంది. మా కాలేజీ గేటు ముందు పది రూపాయలకు మెమరీ కార్డు నింపే కొట్టు దగ్గర గుమిగూడే గుంపు నాకు కళ్లకు కడుతుంది. అయితే పాట పోనుపోను మెత్తబడుతుంది. వాళ్లలో కొందరు తన స్నేహితులే, వాళ్ల మీద కోపం తెచ్చుకోలేనని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత మాటలు ఆగిపోతాయి, గిటార్ ఒక్కటే చాలాసేపు ఏదో చెబుతూ పోతుంది.

2008లో మా మంచు పాట సగంలో ఉండగా, సినిమా పాట కొట్టమని నీళ్ల ప్యాకెట్లు విసిరి మమ్మల్ని వేదిక దింపిన గుంపులో ముందు వరసవాడు ఇప్పుడు ములుగు రోడ్డులో మెకానిక్. నా కారుకూ, అందులోని సీడీ ప్లేయర్‌కూ అతనే దిక్కు. పోయిన నెల ప్లేయర్ విప్పి దుమ్ము దులిపి, పరీక్షించడానికి ఈ సీడీనే పెట్టాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి చివరి పాట మొత్తం విన్నాడు.

"అన్నా, వీళ్లు మీకన్నా నయం," అన్నాడు. "కానీ పన్నెండోది మళ్లీ ఇరుక్కుంటోంది, అది నా వల్ల కాదు."