వాస్తవ మూలాలెన్ని: డెకార్ట్ గుర్తులా, అవకలజమా, స్టర్మ్ పద్ధతా?

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. సమీకరణ వాదం మొదలుపెట్టిన వారంలో ఏటా ఒకటే తప్పు ఎదురవుతుంది. మొన్న బోర్డు మీద ఎక్స్⁴ − ఎక్స్³ + ఎక్స్² − ఎక్స్ + 1 = 0 అని రాసి, వాస్తవ మూలాలెన్ని, అంటే ఎక్స్ స్థానంలో పెడితే దీన్ని నిజం చేసే వాస్తవ సంఖ్యలెన్ని అని అడిగాను. ముందు బెంచీలోని అమ్మాయి వెంటనే చెప్పింది: "నాలుగు సార్. గుర్తులు నాలుగుసార్లు మారినయ్ కదా!"

నిజానికి దానికి ఒక్క వాస్తవ మూలం కూడా లేదు.

ఆమె వాడింది డెకార్ట్ గుర్తుల నియమం, 1637 నాటిది. గుణకాలను వరసగా చూసుకుంటూ పోతే గుర్తు ఎన్నిసార్లు మారిందో, ధన మూలాలు అంతకు మించవు. తగ్గితే రెండేసి చొప్పున తగ్గుతాయి. అంటే ఇక్కడ నాలుగో, రెండో, సున్నానో. ఎక్స్ బదులు −ఎక్స్ పెడితే రుణ మూలాల సంగతి తెలుస్తుంది. ఇక్కడ అప్పుడు మార్పే లేదు, కాబట్టి రుణ మూలాలూ లేవు. మార్పు ఒక్కటే ఉన్నా, అసలు లేకపోయినా ఈ నియమం ఖాయమైన జవాబే ఇస్తుంది. రెండు, అంతకు మించి ఉంటే మాత్రం అది హద్దు చెప్పినట్టే తప్ప లెక్క చెప్పినట్టు కాదు. అయినా దీన్ని వదలమని చెప్పను. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. పెన్ను కదపకుండా రెండు మూడు ఆప్షన్లు కొట్టేసే పద్ధతి ఇంకోటి లేదు.

పిల్లలకు బాగా ఎక్కేది అవకలజం (డెరివేటివ్), అంటే గ్రాఫ్ వాలు ఎంతో చెప్పేది. ఎక్స్³ − 3ఎక్స్ + 1 తీసుకోండి. దీని అవకలజం 3ఎక్స్² − 3. అది −1 దగ్గర, 1 దగ్గర సున్నా అవుతుంది. అక్కడ బహుపది విలువలు 3, −1. గ్రాఫ్ కింది నుంచి వచ్చి 3 దాకా ఎక్కి, −1కి దిగి, మళ్లీ ఎక్కిపోతుంది. అక్షాన్ని మూడుచోట్ల దాటాల్సిందే, కాబట్టి మూడు మూలాలు. చివరి 1ని 3గా మార్చి చూడండి, లోయ అక్షం పైనే ఉండిపోతుంది, ఒక్క మూలమే మిగులుతుంది. మూలాలు ఎందుకు పుడుతున్నాయో, ఎందుకు మాయమవుతున్నాయో కంటికి కనబడేది ఈ దారిలోనే. నాకు ఇదే ఇష్టం.

కానీ అవకలజం సున్నా అయ్యే చోట్లు దొరకకపోతే? మన మొదటి సమీకరణంలో అది 4ఎక్స్³ − 3ఎక్స్² + 2ఎక్స్ − 1. దాని మూలం 1/2కీ 1కీ మధ్య ఎక్కడో ఉంది, కానీ సుళువైన భిన్నమేదీ కాదు. పిల్లలకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

జెనీవాలో పుట్టి పారిస్‌లో పనిచేసిన స్టర్మ్ 1829లో చూపిన దారికి ఆ ఇబ్బంది లేదు. బహుపదిని దాని అవకలజంతో భాగించి, వచ్చిన శేషం గుర్తు తిప్పి రాయాలి. తర్వాత అవకలజాన్ని దానితో భాగించాలి, అలా చివరిదాకా. ధన సంఖ్యలతో గుణించుకోవచ్చు, కాబట్టి భిన్నాల గొడవ తగ్గుతుంది. వరసలో మొదటిది బహుపది, రెండోది అవకలజం. మన లెక్కలో మూడోది −(ఎక్స్² − 2ఎక్స్ + 3), నాలుగోది 16. అంతే, రెండు భాగహారాల్లో అయిపోయింది. ఇక ఈ వరసలో గుర్తు ఎన్నిసార్లు మారిందో రెండు చివర్లలో లెక్కపెట్టాలి, ఆ తేడాయే వేర్వేరు వాస్తవ మూలాల సంఖ్య. రుణ అనంతం దగ్గర గుర్తులు +, −, −, +. ధన అనంతం దగ్గర +, +, −, +. అక్కడా రెండు మార్పులే, ఇక్కడా రెండే. తేడా సున్నా, అంటే వాస్తవ మూలాలు లేవు. ఏ రెండు సంఖ్యల మధ్య ఎన్ని మూలాలున్నాయో కూడా ఇలాగే తేల్చవచ్చు, ఆ సంఖ్యలే మూలాలు కాకపోతే చాలు.

ఘాతం పెరిగితే స్టర్మ్ భాగహారాలు పేజీలు తింటాయి, పరీక్ష హాల్లో అంత తీరిక ఉండదు. అందుకే నా సలహా: ముందు గుర్తులు చూడండి. తేలకపోతే అవకలజం తీయండి. అదీ విడదీయడానికి లొంగకపోతేనే స్టర్మ్. ఇంట్లో సాధన చేసేటప్పుడు మాత్రం వారానికి ఒక లెక్కైనా స్టర్మ్ పద్ధతిలో పూర్తిగా చేయండి, మీ జవాబును మీరే సరిచూసుకోగలుగుతారు.

సరిచూసేటప్పుడు ఒక్కటి గమనించండి. ఎక్స్³ − 3ఎక్స్ + 2కి 1 రెండుసార్లు మూలం, −2 ఒకసారి. డెకార్ట్ నియమం 1ని రెండుగా లెక్కపెడుతుంది, స్టర్మ్ ఒకటిగానే. ప్రశ్నలో 'విభిన్న' అన్న మాట ఉంటే జవాబు రెండు, లేకపోతే మూడు.