ఒళ్లో ప్లేయరు, నెల్లూరులో రెండు రాత్రులు

మా బాబాయి ఫిలిప్స్ రికార్డు ప్లేయరు ఒంగోల్లో మా ఇంటి అటక మీద ఇరవై ఏళ్లకు పైగా పడుంది. దించి చూస్తే బెల్టు తారులాగా కరిగి పళ్లెం కింద అంటుకుపోయి ఉంది. దాంతోపాటు ముప్పై దాకా ప్లేట్లు. (మా ఇంట్లో రికార్డు అనే మాట లేదు, ప్లేటే.) బడ్జెట్ ఐదు వేలు, దార్లో టీ ఖర్చుతో సహా. ఊళ్లో అడిగిన ఇద్దరు మెకానిక్కులూ టీవీ బోర్డులైతే చూస్తామన్నారు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక పెద్దాయన ఇంకా ఇలాంటివి విప్పుతున్నాడని తెలిసి, శుక్రవారం పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

అసలు తప్పు బయల్దేరక ముందే చేశాను. పెట్టెకు దుప్పటి చుట్టాను గానీ, లోపల ముల్లు ఉండే చేతిని కట్టలేదు. కావలి దాటాక లోపల్నుంచి టకటకమని చప్పుడు. నెల్లూర్లో పెద్దాయన మూత తీసి, చేతిని పైకెత్తి, భూతద్దం పెట్టి చూశాడు. ముల్లు లేదు. దాన్ని పట్టుకునే సన్న కడ్డీ కూడా వంగిపోయింది.

"దారం ముక్కతో కట్టుంటే పొయ్యేది అబ్బయ్యా. ఇప్పుడు తొమ్మిదొందలు" అన్నాడు.

బెల్టు కూడా ఆయన దగ్గర లేదు. మోటారు చక్రానికీ పళ్లేనికీ చుట్టూ దారం వేసి కొలిచి, ఆ కొలత మద్రాసు రిచీ స్ట్రీట్‌కి ఫోన్‌లో చెప్పాడు. బెల్టూ, ముల్లూ రెండూ పార్శిల్లో సాయంత్రానికి వస్తాయన్నారు. వచ్చింది మర్నాడు పదకొండింటికి. పార్శిల్ ఆఫీసులో అడిగితే "బండి వచ్చాక చెప్తాం" తప్ప ఇంకో మాట లేదు. ఒక్కరోజులో తిరిగొచ్చేద్దామనుకున్న ప్రయాణం అలా సాగింది. మీరు వెళ్తే ముందే ఫోన్ చేసి, కొలతలు చెప్పి, సరుకు వచ్చాకే రైలెక్కండి.

చేతిలో సగం రోజు ఉంది కదా అని కొట్లు తిరిగాను. ట్రంకు రోడ్డులో ఒక షోరూములో సూట్‌కేసు మోడల్ కొత్త ప్లేయరు ఉంది, ఆరు వేల అయిదొందలు. బ్లూటూత్, లైట్లు, చూడ్డానికి ముద్దొస్తుంది. కానీ స్పీకర్లు అదే పెట్టెలో ఉన్నాయి. పాట కొంచెం పెంచితే ఆ అదురు ముల్లుకు తగిలి గరగర మొదలవుతుంది. ముల్లు ప్లేటు మీద వేసే బరువు తగ్గించుకునే మర కూడా లేదు. కార్ట్రిడ్జి అంటే ముల్లును పట్టుకుని దాని అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క. మంచి మాగ్నెటిక్ రకం రెండు గ్రాముల దగ్గర పనిచేస్తుంది, ఇలాంటివి అయిదు గ్రాములకు తక్కువ నొక్కవు. నిజం చెప్పాలంటే మా బాబాయిదీ సిరామిక్ కార్ట్రిడ్జే, అదీ నొక్కుతుంది. కాకపోతే దానికి నేను ఆరు వేలు పెట్టలేదు.

చిన్న బజారు దగ్గర పాత సామాన్ల కొట్లో ప్లేట్లున్నాయి. అట్టలు చూసి మోసపోకూడదని అక్కడ తెలిసింది. అట్ట కొత్తగా ఉన్న ఒక ఎల్.పి. (ఎక్కువసేపు పాడే పెద్ద ప్లేటు) తీసి వాకిట్లో వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, మధ్యలో బూడిద రంగు బూజు వలయం కనిపించింది. బూజైతే కడిగితే పోతుంది, వేలిగోరుకు తగిలే గీత పోదు. ఒక్కోటి మూడొందలన్నాడు, నాలుగు తీసుకుంటానంటే నూటయాభైకి దిగాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు కూడా చూపించాడు. అవి లక్కతో చేసినవి, వాటి గాడి వెడల్పు, ఎల్.పి. ముల్లు పనికిరాదు. స్పిరిట్‌తో తుడిచి పెట్టానని ఆయన గొప్పగా చెప్పాడు. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని చెప్పడానికి మనసు రాలేదు, వదిలేసి వచ్చాను.

దార్లో ఆటో డ్రైవరు బాలుగారి ఇల్లు చూస్తారా అన్నాడు. తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని ఆయన 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. కొన్న నాలుగు ప్లేట్లలో మూడింటి మీద ఆయన పేరుంది, కాబట్టి కాదనలేకపోయాను.

మొదటి రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జీ, ఏడొందలు. లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, దుప్పటి మాత్రం ఉతికిందే. రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దాలతోపాటు టేబులూ ఒణికేది. ప్లేయరు పెద్దాయన దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది. రెండో రాత్రికి మద్రాసు బస్టాండు వైపు మారాను, పదకొండొందలు. అక్కడ లిఫ్ట్ ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, మంచం దగ్గర ప్లగ్ మాత్రం పనిచేయదు. రిసెప్షన్‌లో చెప్తే "టీవీది పీకి పెట్టుకోండి సార్" అన్నారు. అలాగే చేశాను. పక్క సందులో మెస్ భోజనం బాగుంది. చేపల పులుసు రెండోసారి అడగకముందే వేశారు.

సరుకు వచ్చాక పెద్దాయన బిగించి ఇచ్చిన ప్లేయరుకు ఆ టీవీ ప్లగ్గు దగ్గరే అసలు పరీక్ష. పెద్దాయన చెప్పిన లెక్క ఇది. ఎల్.పి. నిమిషానికి ముప్పై మూడుంబావు కంటే ఇంకొంచెం ఎక్కువ, అంటే ముప్పై మూడు, ఇంకో మూడోవంతు చుట్లు తిరగాలి. అది లెక్కపెట్టడం కష్టం. మూడు నిమిషాలకు సరిగ్గా నూరు చుట్లు, ఇదైతే ఎవరైనా లెక్కపెడతారు. ప్లేటు మధ్యలో లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో టైమర్ పెట్టి కూర్చున్నాను. తొంభై ఏడు. మళ్లీ పెట్టాను, తొంభై ఏడే. వినడానికి బాలు గొంతు కొంచెం జలుబు చేసినట్టుంది.

ఆదివారం పొద్దున కొట్టు మూసుంటుందని టెన్షన్ పడ్డాను గానీ, ఆయన ఇంటి అరుగు మీదే విప్పాడు. పళ్లెం ఎత్తి, కింద ఇరుసుకు పట్టిన పాత నూనె చూపించాడు, బెల్లప్పాకంలా సాగుతోంది. పెట్రోలు ముంచిన గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాడు. రెండో చుక్క వేద్దామా అంటే నా చెయ్యి పక్కకు నెట్టాడు. ఆ పనికి డబ్బులు తీసుకోలేదు. అంతకుముందు మొత్తం పనికి అయిదొందలే, బెల్టు రెండొందల యాభై. మాగ్నెటిక్‌కి మారితే దాని సన్న సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ కూడా కొనాలని, సిరామిక్ అయితే ఇంట్లో ఆంప్లిఫయర్ ఆక్స్‌కి నేరుగా పెట్టుకోవచ్చని ఆయనే చెప్పి, ఖర్చు పెంచే బేరం ఒకటి తనే పోగొట్టుకున్నాడు.

లాడ్జీలు, తిండి, ఆటోలు కలిపి బడ్జెట్ నాలుగొందలు దాటింది. తిరుగు ప్రయాణంలో చేతిని రెండు చోట్ల దారంతో కట్టి, పళ్లెం విడిగా తువ్వాల్లో చుట్టి, పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. బాబాయి ప్లేట్లలో గీత ఒక్కటీ లేని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఎల్.పి. ఉంది. దాన్ని ఇంకా ఈ ముల్లు కింద పెట్టలేదు. ముందుగా గీతలు పడ్డవే తిప్పుతున్నాను.

రాత్రి పెద్దాయన ఫోన్ చేశాడు.

"నూరొచ్చిందా అబ్బయ్యా?"

"నూటొకటి."

"ఆ ఒక్కటీ నువ్వు తప్పు లెక్కపెట్టుంటావు. మళ్లీ పెట్టు" అని పెట్టేశాడు.