ఇంట్లో కలిపే వేప్ లిక్విడ్: ఫ్లేవర్ పెంచాలా, ఊరనివ్వాలా? ఏది మేలు?

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా ఇంటి పైగదిలో ఉండే కుర్రాడు పోయిన నెల ఒక సీసా పట్టుకొని కిందికి దిగాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే కలిపాను. రుచే తగలట్లేదు. ఇంకో ముప్పై చుక్కలు వేసేయనా?" అన్నాడు. సిగరెట్ మానేసి వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు మారి, ఖర్చు తగ్గుతుందని లిక్విడ్ సొంతంగా కలుపుకుంటున్న మనవాళ్లలో నన్ను ఈ మాట అడగనివాళ్లు తక్కువ. ప్రతిసారీ నోటికొచ్చిన సలహా ఇచ్చి పంపేవాణ్ని. ఈసారి ఫ్లేవర్ పెంచడం, కలిపాక కొన్నాళ్లు ఊరనివ్వడం, ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశాకే రాస్తున్నాను.

దానికి ముందు ఒక మాట. ఇది బ్రిటన్‌లో ఉంటూ, సిగరెట్ వదిలించుకోవడానికి వేప్ వాడుతున్న పెద్దవాళ్ల కోసం రాస్తున్నది. మన దేశంలో 2019 నాటి చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నేరాలే. తయారీ, దిగుమతి లాంటివాటికి మొదటిసారి పట్టుబడితేనే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. సెలవులకు ఇంటికి వెళ్తూ సీసాలు సూట్‌కేసులో పెట్టుకోకండి. సిగరెట్ అలవాటే లేనివాళ్లు దీని జోలికి అసలు రావద్దు.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: ఫ్లేవర్‌ను కలిపే పల్చటి ద్రవం పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), చిక్కటిది వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్), నికోటిన్ కలిపి అమ్మే చిన్న సీసా నికోటిన్ షాట్. ఇక నేరుగా విషయానికి వస్తాను. వెనిలా కస్టర్డ్ ఒకటి, మామిడి ఒకటి తీసుకున్నాను. ఒక్కోదానికి 30 మి.లీ. సీసాలు మూడు. అన్నిటిలోనూ మి.లీ.కు 18 మి.గ్రా. నికోటిన్ ఉన్న షాట్ 5 మి.లీ. పోశాను, అంటే చివరికి మి.లీ.కు 3 మి.గ్రా. నికోటిన్ వస్తుంది. ఒక సీసా 8 శాతం ఫ్లేవర్‌తో మూడు వారాల ముందే కలిపి, బీరువాలో బట్టల వెనక చీకట్లో పెట్టాను. మిగతా రెండూ రుచి చూసే రోజు పొద్దున్నే కలిపాను. ఒకటి 8 శాతం, ఇంకొకటి 14 శాతం. ప్రతి సీసాకూ కొత్త కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగచుట్ట), ఒకటే వాటేజ్.

చుక్కల లెక్క పెట్టుకోలేదు. ఒక సీసా మూతి నుంచి పడే చుక్క ఇంకో సీసా చుక్కంత ఉండదు. "ముప్పై చుక్కలు" అన్నప్పుడు ఒకరికి ఒక మి.లీ. పడుతుంది, ఇంకొకరికి ఒకటిన్నర పడుతుంది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం మీద సీసా పెట్టి పోసుకుంటే ఆ గొడవ ఉండదు. పైగా అదే రుచి మళ్లీ కావాలంటే మళ్లీ వస్తుంది. నికోటిన్ పోసేటప్పుడు మాత్రం చేతికి గ్లవుజులు వేసుకోండి, పిల్లలున్న ఇంట్లో షాట్ సీసాలకు తాళం వేసి పెట్టండి.

ముందుగా 14 శాతం కస్టర్డ్. మొదటి రెండు పఫ్‌లు నిజంగా బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. అడగగానే దొరికే ఘాటు అది. పది నిమిషాలయ్యేసరికి సెంటు సీసా నోట్లో ఒంపుకున్నట్టు అయింది. వెనిలా ఒక్కటే ముందుకొచ్చి కూర్చుంది, వెన్న, గుడ్డు కమ్మదనం కనబడకుండా పోయాయి. గొంతు కూడా గీరుకుంది. దానికి కారణం తెలిసిందే. మనం కొనే కాన్సంట్రేట్లలో, అంటే చిక్కటి ఫ్లేవర్ సీసాల్లో, చాలావరకు పీజీలో కరిగించినవే కాబట్టి, ఫ్లేవర్ ఆరు శాతం పెంచితే పీజీ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఇక తీపి వాసన కోసం చాలా కాన్సంట్రేట్లలో ఇథైల్ మాల్టాల్ వేస్తారు. కాస్త ఉంటే పండు తియ్యగా అనిపిస్తుంది, మోతాదు మించితే మిగతా రుచులన్నిటి మీదా దుప్పటి కప్పేస్తుంది. ఘాటు కోసం పోసిందే చప్పిడి చేస్తుంది.

ఇంకో సంగతి, ముక్కు అలవాటు పడిపోతుంది. వంటింట్లో పోపు వేసినవాళ్లకు కాసేపటికి ఆ వాసనే తెలియదు, వీధిలోంచి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే ముక్కు అదురుతుంది. రోజంతా ఒకే లిక్విడ్ పీల్చేవాళ్లదీ అదే పరిస్థితి. రుచి తగ్గింది సీసాలో కాదు, వాళ్ల ముక్కులో. అది తెలియక ఇంకో రెండు శాతం పోస్తారు, వారానికి దానికీ అలవాటు పడతారు. పైగది కుర్రాడు తెచ్చిన సీసాను నేను వాసన చూస్తే స్ట్రాబెరీ గుప్పున కొట్టింది. రెండు వారాలుగా అతను అది తప్ప ఇంకేదీ తాగలేదు. ఇలాంటప్పుడు ఏమీ కలపకుండా, ఒకట్రెండు రోజులు మెంథాలో ఇంకేదైనా వేరే రుచో వాడి, మంచినీళ్లు బాగా తాగి, మళ్లీ పాత సీసాకు రావాలి.

"ఎంత శాతం వేయాలి?" అని కంపెనీ పేరు చెప్పకుండా అడిగేవాళ్లకు నేను జవాబు ఇవ్వలేను. ఇటలీ నుంచి వచ్చే ఫ్లేవరార్ట్, పోలండ్ నుంచి వచ్చే ఇనవేరా చాలావరకు ఒకటి రెండు శాతానికే సరిపోతాయి. అమెరికా వాళ్ల కపెల్లా, టీఎఫ్ఏ లాంటివి ఐదు నుంచి ఎనిమిది దాకా లాగుతాయి. కపెల్లా లెక్క చూసుకొని ఇనవేరా పోస్తే ఆ సీసా పారబోయాల్సిందే.

ఇప్పుడు మూడు వారాలు ఊరిన కస్టర్డ్. కలిపిన రోజు నీళ్లలా ఉన్న లిక్విడ్ పల్చటి టీ రంగుకు తిరిగింది. మూత తీసి చూస్తే కాన్సంట్రేట్‌లో ఉండే ఆ పచ్చి స్పిరిట్ వాసన లేదు. పీలిస్తే వెనిలా, వెన్న, అడుగున కాస్త మాడిన పంచదార, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఫ్లేవర్ అదే 8 శాతం. పక్కనే, అదే 8 శాతంతో పొద్దున కలిపిన సీసా పాలపొడి నీళ్లలా ఉంది. ఆవకాయ కలిపిన రోజే వడ్డించుకుంటే కారం కారంగా, ఉప్పు ఉప్పుగా తగులుతాయి, ఆవపిండి చేదుగా ఉంటుంది. మూడో రోజు తిరగకలిపి నోట్లో పెట్టుకుంటే అది ఆవకాయ. ఇక్కడా సరిగ్గా అదే జరుగుతుంది, కాకపోతే ఇంకాస్త ఎక్కువ రోజులు పడుతుంది.

లోపల జరిగేదాంట్లో మాయ ఏమీ లేదు. వీజీ చిక్కగా ఉంటుంది కాబట్టి ఫ్లేవర్ దానిలో సమంగా కలవడానికి టైమ్ కావాలి. నికోటిన్ గాలి తగిలి నెమ్మదిగా రంగు మారుతుంది, వెనిలా వాసననిచ్చే వెనిల్లిన్ కూడా రంగు తెస్తుంది. వెనిల్లిన్ లాంటి ఆల్డిహైడ్లు (ఒక రకం వాసన రసాయనాలు) పీజీతో కలిసి ఎసిటాళ్లు అనే కొత్త పదార్థాలుగా మారతాయి. అంటే ఊరబెట్టిన సీసా కూడా కలిపిన రోజు ఉన్న సీసా కాదు. కొన్న సీసాల్లోనూ ఈ మార్పు ఉంటుంది. త్వరగా ఊరాలని మూత తీసి పెట్టేవాళ్లున్నారు. దానివల్ల పై వాసనలు ఎగిరిపోతాయి, నికోటిన్ ఇంకా త్వరగా నల్లబడుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెట్టి బాగా ఊపితే కలవడం త్వరగా అవుతుంది, నేనూ చేస్తాను. మూడు వారాల పని మాత్రం దానితో అవదు.

రుచి సంగతి పక్కన పెట్టినా నేను ఊరబెట్టడం వైపే ఉంటాను. నా దృష్టిలో దీన్ని తేల్చేది నాలుక కాదు, ఊపిరితిత్తులు. ఫ్లేవర్ అనేది తినడానికని తయారైన పదార్థం. తింటే ఏమీ కానిది పీలిస్తే కూడా ఏమీ కాదని అనుకోవడానికి లేదు. 2000లో అమెరికాలోని మిస్సోరిలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన 8 మందికి, ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు పూడుకుపోయే జబ్బు బయటపడింది. ఆరా తీస్తే వెన్న వాసన కోసం వాడే డైఎసిటైల్ ఆవిరి మీద అనుమానం పడింది. వాళ్లు పీల్చినంత మోతాదు మన సీసాలో ఉంటుందని నేను అనడం లేదు. కానీ కస్టర్డ్, బటర్, క్రీమ్ ఫ్లేవర్లలోనే ఎక్కువగా ఆ కుటుంబపు పదార్థాలు వాడతారు. నికోటిన్ ఉన్న రెడీమేడ్ లిక్విడ్లలో డైఎసిటైల్‌ను బ్రిటన్‌లో వేయనివ్వరు. ఇంట్లో కలుపుకునే కాన్సంట్రేట్ విషయంలో ఆ కాపలా మనమే కాయాలి. తయారీదారు ఇచ్చే కాగితంలో డైఎసిటైల్, దాని కుటుంబానికే చెందిన ఎసిటైల్ ప్రొపియోనైల్ ఉన్నాయో లేవో చూడకుండా నేను క్రీమ్ ఫ్లేవర్ కొనను. 8 నుంచి 14కు వెళ్తే కాన్సంట్రేట్‌లో ఏముంటే అది ముప్పావు వంతు ఎక్కువగా లోపలికి వెళ్తుంది. అదే గాఢత మూడు వారాలు ఆగితే దొరుకుతున్నప్పుడు ఆ ఎక్కువ ఎందుకు పీల్చాలి?

ఇదే మాట మామిడికి చెల్లదు. మూడు వారాలు ఊరిన మామిడిలో రసం తీపి మిగిలింది గానీ, కాయ కోయగానే ముక్కుకు తగిలే ఆ పచ్చిదనం పోయింది. పళ్ల వాసనలు ఎక్కువగా ఎస్టర్లు అనే తేలిక రసాయనాలు, ఇట్టే ఎగిరిపోతాయి. పొద్దున కలిపిన 8 శాతం సీసాయే మూడింటిలోకీ బాగుంది. 14 శాతంది ప్లాస్టిక్ బొమ్మ వాసన కొట్టింది. కాబట్టి పళ్లకు ఊరబెట్టడం వద్దు, బాగా ఊపి ఒక రాత్రి ఉంచితే చాలు. అప్పటికీ పలచగా ఉందనిపిస్తే ఒకటి రెండు శాతం పెంచడంలో తప్పులేదు. నిమ్మ, దాల్చినచెక్క ఫ్లేవర్లు వాడేవాళ్లు గాజు ట్యాంక్ పెట్టుకోండి, కొన్ని ప్లాస్టిక్ ట్యాంకులు వాటికి పగుళ్లిస్తాయి.

మిగతా ఉపాయాలు త్వరగా చెప్తాను. వీజీ 80 శాతం పోసేవాళ్లు 60 శాతానికి దిగితే ఏ ఖర్చూ లేకుండా రుచి తేలుతుంది, పొగ కాస్త తగ్గుతుంది. కాయిల్ మాడి ఉంటే ఎన్ని వారాలు ఊరినా దండగ, ముందు అది మార్చండి. గాలి రంధ్రం సగం మూస్తే రుచి చిక్కబడుతుంది. సుక్రలోజ్ తీపి కలిపితే షాపు లిక్విడ్ రుచి వస్తుంది నిజమే, కానీ కాయిల్ రెండు మూడు రోజులకే నల్లటి పాకం కడుతుంది. నేను వేయను.

ఒక్కటి మాత్రం ఉపాయాల్లో చేర్చను. కేకుల్లో వేసే నూనె ఎసెన్సులు, ఇంట్లో కాచిన యాలకుల నూనె, ఏదైనా సరే, నూనె ఉన్నది లిక్విడ్‌లో చుక్క కూడా పడకూడదు. తేనె నూనె కాకపోయినా అదీ వేయకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియాకు దారితీస్తుంది. 2019లో అమెరికాలో గంజాయి వేప్ కార్ట్రిడ్జ్‌లలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ వల్ల ఎంతమంది ఆస్పత్రుల పాలయ్యారో అప్పటి వార్తలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదీ జిడ్డు పదార్థమే. మనవాళ్లు "ఇంటి యాలకుల రుచి కావాలి" అని అడిగినప్పుడల్లా నాకు టెన్షన్ అందుకే.

ఊరబెట్టడంలో అసలు ఇబ్బంది ఆ మూడు వారాలు ఏం తాగాలన్నదే. చేతిలో ఏమీ లేకపోతే మళ్లీ సిగరెట్ ప్యాకెట్ గుర్తొస్తుంది, దాని ముందు రుచి పెద్ద విషయం కాదు. అందుకే నేను కస్టర్డ్ కలిపిన రోజే పళ్ల సీసా కూడా ఒకటి కలుపుకుంటాను. అది అయిపోయేసరికి ఇది తయారవుతుంది. సీసా మీద టేపు ముక్క అంటించి తేదీ, శాతం, కంపెనీ పేరు రాస్తాను. పైగది కుర్రాడి స్ట్రాబెరీని కూడా అలాగే టేపు వేసి నాలుగు రోజులు పక్కన పెట్టించి, అతనికి నా మామిడి సీసా ఇచ్చాను. ఐదో రోజు తన సీసా తెరిచి, "అన్నా, ఇందులో నువ్వేమైనా కలిపావా?" అని అడిగాడు. ఏమీ కలపలేదు. ఇప్పుడు బీరువాలో నా కస్టర్డ్ పక్కన అతనిదీ ఒకటి ఉంది, దానికి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.