ఎలాక్ బి6.2 స్పీకర్లు, యమహా ఏ-ఎస్501 యాంప్లిఫయర్: కొన్నేళ్లు వాడాక

ఇంట్లో మంచి ఆడియో పెట్టుకోవాలనుకునే వాళ్లకు షాపులో ముందు చూపించేది 5.1 సెట్. పాటల కోసమైతే అది వద్దు. అదే డబ్బు ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ పంచితే ఏదీ నాణ్యంగా రాదు. రెండు మంచి స్పీకర్లు, ఒక స్టీరియో యాంప్ చాలు. కొన్నేళ్లుగా మా ఫ్లాట్ హాల్లో ఈ జోడీయే వాడుతున్నాను.

బి6.2 స్పీకర్లు పేరున్న స్పీకర్ డిజైనర్ ఆండ్రూ జోన్స్ డిజైన్. బేస్, మధ్య స్వరాలకు ఆరున్నర అంగుళాల వూఫర్, పైన సన్నని స్వరాలకు అంగుళం ట్వీటర్. బేస్ కోసం పెట్టెకు ఉండే గాలి రంధ్రం, అంటే పోర్ట్, ముందువైపు ఉంది, మన ఇళ్లకు ఇది చాలా ముఖ్యం. వెనక పోర్ట్ ఉన్నవాటిని గోడకు దగ్గరగా పెడితే బేస్ ఉబ్బిపోతుంది. వీటితో ఆ బాధ తక్కువే, అయినా గోడకు ఒక అడుగు వదలండి. మృదంగం తొప్పి మీద పడిన దెబ్బ మొద్దుగా ‘ధబ్’ అని ఆగిపోదు, దాని శ్రుతి కూడా తెలుస్తుంది. గాత్రం వెనక తంబురా కచేరీ అంతా వినిపిస్తూనే ఉంటుంది.

అయితే ఇవి 6 ఓమ్స్, 87 డీబీ స్పీకర్లు, అంటే బాగా పలకడానికి కాస్త ఎక్కువ పవర్ అడుగుతాయి. చిన్న యాంప్ పెడితే నీరసంగా పలుకుతాయి. యమహా ఛానల్‌కు 85 వాట్లు ఇస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. నాకు అందులో బాగా నచ్చింది లౌడ్‌నెస్ నాబ్. ముందు వాల్యూమ్‌ను మీరు వినే గరిష్ఠ స్థాయికి పెట్టి, తర్వాత ఈ నాబ్‌తో తగ్గించుకుంటూ రావాలి. మధ్య స్వరాలు తగ్గుతాయి, బేస్, ట్రెబుల్ నిలబడతాయి. రాత్రి పదకొండుకు పక్క ఫ్లాట్ వాళ్లకు వినపడకుండా పాట నిండుగా వినొచ్చు.

ఖరీదు కన్నా అమరికే ముఖ్యమని నా గట్టి నమ్మకం. రెండు స్పీకర్లూ, మీరు కూర్చునే చోటూ కలిపి సమబాహు త్రిభుజం కావాలి, ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఘంటసాల గారి పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం వచ్చేది) ఒకటి పెట్టండి. స్పీకర్లు ఉన్నట్టే అనిపించకుండా గొంతు రెండింటి నడిమధ్య నుంచి రావాలి. ఒక పక్కకి లాగుతోందంటే ఆ పక్క స్పీకర్‌ను అంగుళం వెనక్కి జరిపి మళ్లీ వినండి.

లోపాలూ చెప్పాలి. యాంప్‌లో బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ ఇన్‌పుట్ లేదు. ఫోన్ నుంచి వైరు లేకుండా వినాలంటే విడిగా బ్లూటూత్ రిసీవర్ కొనాలి. ఆప్టికల్ వైరుతో టీవీ కలిపితే టీవీ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎమ్‌లో (మామూలు స్టీరియో డిజిటల్ శబ్దం) ఉండాలి, డాల్బీలో ఉంటే శబ్దం సరిగా రాదు.

వేలు పోసి స్పీకర్ వైర్లు కొనొద్దు, మామూలు 14 గేజ్ రాగి వైరు చాలు. ఆ డబ్బు రెండు అడుగుల స్టాండ్లకూ, టైల్స్ మీద పరిచే మందపాటి కార్పెట్‌కూ పెట్టండి. నున్నటి టైల్స్ మీద గొంతులు గరగరలాడటం కార్పెట్ వేసిన రోజే తగ్గింది.