మడత పుస్తకం ప్రింటుకు ఏది మేలు: వర్డా, లిబ్రేఆఫీసా, పీడీఎఫ్‌ఫైలా?

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లకు తాంబూలంతో పాటు అమ్మమ్మ పాడే మంగళహారతుల పుస్తకం ఇవ్వాలనుకున్నాం. మొత్తం 16 పేజీలు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు ఏ5 పేజీలు వస్తాయి కాబట్టి పుస్తకానికి నాలుగు కాగితాలు చాలు. చిక్కంతా వరుసలోనే. పై కాగితం మీద ఒకవైపు 16, 1 పడాలి, వెనకవైపు 2, 15 పడాలి. ఆ లెక్క మనం వేసుకోనక్కర్లేదు. మూడు దారులున్నాయి, మూడూ చేసి చూశాను.

వర్డ్‌లో పేజ్ సెటప్‌కి వెళ్లి, మల్టిపుల్ పేజెస్ దగ్గర బుక్ ఫోల్డ్ ఎంచుకోవాలి. తెర మీద ఏ సైజు అక్షరం పెడితే కాగితం మీద అదే వస్తుంది. కాకపోతే టైపు మొదలుపెట్టకముందే ఎంచుకోండి. అంతా అయ్యాక మారిస్తే పేజీ సగమైపోయి, ఒక పాట చరణం ఇంకో పేజీలోకి జారుతుంది.

లిబ్రేఆఫీస్ వర్డ్ లాంటిదే, కానీ ఉచితం. ప్రింట్ చేసేటప్పుడు బ్రోచర్ అని టిక్ పెడితే సరిపోతుంది. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఏ4లో టైపు చేసిన ఫైలును అలాగే ఇచ్చేశాను. అది పేజీని దాదాపు 71 శాతానికి కుదించింది. 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నరకు దిగింది. తెలుగుకు అది చాలదు. 'లక్ష్మి'లో ష వత్తు, మ వత్తు కలిసిపోయి నల్లటి మరకలా కనిపించాయి. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని, పుస్తకం దూరంగా పట్టుకుని చూసి, పక్కన పెట్టేసింది. పేజీని ముందే ఏ5గా పెట్టుకుని, 14 పాయింట్లలో మళ్లీ కూర్చాను.

నా ఓటు మాత్రం పీడీఎఫ్‌కే. ఏ5లో టైపు చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకుని, అక్రోబాట్ రీడర్ ప్రింట్‌లో బుక్‌లెట్ నొక్కాలి. ఫాంట్లు ఫైల్లోనే ఉంటాయి. బయట జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించేవాళ్లకు ఇది పెద్ద ధీమా. మండలి, సురన్న లాంటి ఫాంట్లు ఆ కంప్యూటర్లో లేకపోతే వర్డ్ ఫైలు వేరే ఫాంటులో తెరుచుకుని పేజీలన్నీ కదిలిపోతాయి. 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొట్టిన ఫైలైతే తెలుగే కనిపించదు, ఏవో గుర్తులు వస్తాయి. రెండువైపులా వేసే ప్రింటర్ లేకపోయినా ఫర్వాలేదు, ముందువైపులు ఒకసారి, వెనకవైపులు ఒకసారి విడిగా తీసుకోవచ్చు. లోటు ఒకటే. అచ్చుతప్పు కనబడితే అసలు ఫైల్లో దిద్ది మళ్లీ పీడీఎఫ్ చేయాలి.

ఏ దారిలో వెళ్లినా రెండువైపుల ప్రింటుకు 'ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్' పెట్టండి, లేదంటే వెనక పేజీలు తలకిందులవుతాయి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించేలా లేకపోతే రీడర్ చివర్లో ఖాళీ పేజీలు చేరుస్తుంది. వెనక అట్ట మీద దేవుడి బొమ్మ పెట్టుకున్నవాళ్లు దానికి ముందే ఖాళీ పేజీలు కలుపుకోవాలి, లేకపోతే బొమ్మ లోపలికి పోతుంది. ముందు ఒక్క పుస్తకం తీసి, మడిచి, పేజీలు తిప్పి చూసుకున్నాకే మిగతావి వేయండి.

పిన్ను కొట్టడానికి మామూలు స్టేప్లర్ మడత దాకా అందలేదు. మా అమ్మ తనే సూదీ దారం తీసుకుని, ఒక్కో పుస్తకానికి మడత మీద మూడు కుట్లు వేసింది.