కాళ్ల మీద సన్న నరాలకు కంప్రెషన్ స్టాకింగ్స్: చాలాకాలం వాడాక

వరంగల్ చౌరస్తా దగ్గర చీరల షాపులో పని నాది. పెళ్లిళ్ల సీజన్ వస్తే కూర్చునే తీరికే ఉండదు. చీలమండల దగ్గర, మోకాళ్ల వెనక ఎర్రగా, నీలంగా సన్నని నరాలు అల్లుకున్నాయి. సాయంత్రానికి పిక్కలు ఒకటే గుంజుడు.

డాక్టర్ ముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎలా పారుతుందో చూసే పరీక్ష) చేయించారు. లోపలి పెద్ద సిరల్లో కవాటాలు బాగానే ఉన్నాయి, ఇవి పైపైన వచ్చిన స్పైడర్ వెయిన్సే అన్నారు. మా అమ్మకూ ఉన్నాయి. వంశంలో ఉండటం, కాన్పులు, గంటల తరబడి నిలబడే పని, అధిక బరువు దీనికి ముఖ్య కారణాలట. మోకాలి వరకు వచ్చే క్లాస్ 2 (ఒక మోస్తరు బిగువు) కంప్రెషన్ స్టాకింగ్స్, అంటే కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు, రాశారు. బాక్సు మీద 23–32 mmHg (బీపీ కొలిచే యూనిట్టే) అని ఉంటుంది, చీలమండ దగ్గర పడే ఒత్తిడి లెక్క అది. పైకి పోయేకొద్దీ బిగువు తగ్గుతుంది.

పొద్దున మంచం దిగకముందే, కాళ్లకు వాపు రాకముందే తొడుక్కోవాలి. మడమ దాకా తిరగేసి, ముందు పాదం ఎక్కించి, తర్వాత మెల్లగా పైకి లాగాలి. మన ఆడవాళ్లకు అసలు చిక్కు మెట్టెలతో. దారాలు పట్టుకుని చిరిగిపోతాయి. వేళ్ల దగ్గర తెరిచి ఉన్న రకమే తీసుకోండి. పట్టీలు మాత్రం తీసేయాల్సిందే.

మే నెల ఎండల్లో నరకమే. చెమటకు దురద పుడుతుంది. అయినా మానలేదు, ఎందుకంటే రాత్రి కాళ్లు తేలిగ్గా ఉంటున్నాయి, వాపు లేదు.

కానీ ఉన్న గీతలు వీటితో పోవు. షాపువాళ్లు పోతాయని చెప్పినా నమ్మొద్దు. వాటికి స్క్లెరోథెరపీ ఉంది: సన్న సూదితో మందు ఎక్కిస్తే ఆ నరం గోడలు అతుక్కుని, మెల్లగా మాయమవుతుంది. బాగా సన్నవాటికి లేజర్ కూడా చేస్తారు. నేను మోకాళ్ల వెనక ఉన్నవాటికి ఇంజెక్షన్లు చేయించుకున్నాను. మొదట గోధుమరంగు మచ్చలు పడ్డాయి, తగ్గడానికి నెలలు పట్టింది. చేయించుకున్నా కొత్తవి రావని గ్యారంటీ లేదు.

షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు డాక్టర్‌ను అడగకుండా తొడగొద్దు. కొలతలు ఇచ్చి రెండు జతలు కొనుక్కోండి. చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. ఆరు నెలలకు బిగువు పోతుంది, మార్చేయండి.