డ్రైన్ సామాను: ఏది అక్కరకొచ్చింది, ఏది అటకెక్కింది

మాది విజయవాడ సత్యనారాయణపురంలో పాత అపార్ట్‌మెంట్. గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి పైవాళ్లందరి నీళ్లూ మా గోడ పక్క పైపులోంచే దిగుతాయి. ఇంట్లో బోరు నీళ్లు, పొడవాటి జడలు, వారానికోసారి మినప్పప్పు కడగడం. ఇన్ని ఉన్నాక డ్రైన్ మూసుకుపోవడం మాకు కొత్తేమీ కాదు. కొన్నేళ్లలో కొట్లో దొరికేవీ, ఆన్‌లైన్‌లో ఊరించేవీ దాదాపు అన్నీ కొన్నాం. సగం ఇప్పుడు అటక మీద ఉన్నాయి.

ఏది కొనాలన్నా ముందు అడ్డం ఎక్కడుందో చూసుకోవాలి. ఒక్క సింకులోనే నీళ్లు నిలిస్తే అడ్డం దాని కిందే ఉంటుంది. సింకు వదిలినప్పుడు బాత్‌రూమ్ జాలీలోంచి నీళ్లు పైకి తంతే, రెండూ కలిసిన చోటికి అవతల ఉన్నట్టు. మనం ట్యాప్ ముట్టుకోకపోయినా పైవాళ్లు బట్టలు ఉతికినప్పుడల్లా మన బాత్‌రూమ్‌లోకి నీళ్లు వస్తున్నాయంటే అది మెయిన్ లైను గొడవ. అప్పుడు బయట ఛాంబర్, అంటే పైపులు వచ్చి కలిసే తొట్టి, మూత తీసి చూడండి. నిండి ఉంటే అడ్డం దాని అవతల, ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబర్‌కీ మధ్యన. మెయిన్ లైను మూసుకుపోయినప్పుడు సింకులో ఎన్ని మందులు పోసినా డబ్బు దండగే.

ఇన్నేళ్లలో ఎక్కువ పని చేసిపెట్టింది రబ్బరు పంపు, అదే ప్లంజర్. రెండొందల లోపు వస్తువు. కప్పు మునిగేంత నీళ్లు ఉండాలి, లేకపోతే ఉత్త గాలే కొడుతుంది. వాష్ బేసిన్ అయితే పైన ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. రెండు గిన్నెల సింకు అయితే రెండో కన్నం కూడా మూయాలి. చాలామంది నొక్కడం మీదే బలం పెడతారు గానీ, అడ్డాన్ని కదిలించేది ఎక్కువగా పైకి లాగే ఊపు. సింకుకి చదునైన కప్పు, టాయిలెట్‌కి కింద మెడలాంటి అంచు ఉన్న కప్పు కావాలి. రెండూ విడివిడిగా ఉంచుకోండి. టాయిలెట్‌ది తెచ్చి వంటగదిలో వాడడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

బాత్‌రూమ్ నేలకు మాత్రం పంపు కన్నా ముళ్లున్న ప్లాస్టిక్ పట్టీ మేలు. మా ఇంట్లో తలంటు రోజు వెళ్లేవి జుట్టు, నూనె, కుంకుడు పిప్పి, నలుగుపిండి. ఇవన్నీ కలిసి నహానీ ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలో, ముద్దకడతాయి. జాలీ తీసి, లోపల కప్పు ఉంటే అదీ ఎత్తి, పట్టీ దింపి మెల్లగా తిప్పుతూ లాగితే ముద్ద మొత్తం బయటికి వస్తుంది. చూడ్డానికి రోత, కానీ పని ఖాయం. పట్టీ కొన్నిసార్లు వాడాక ముళ్లు విరుగుతాయి, పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. తీసిన కప్పు మళ్లీ పెట్టడం మరవొద్దు. ట్రాప్‌లో నీళ్లు నిలవకపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా ఇంట్లోకే.

వంటింటి సింకులో మందు కన్నా విప్పి కడగడం నయం. కింద బకెట్ పెట్టి, సింకు కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ అడుగు మూత చేత్తో తిప్పితే చాలు. మినప్పొట్టు, చింతపండు పిప్పి, టీ పొడి అన్నీ అక్కడే కూర్చుంటాయి. మా సింకుకి మొదట్లో మడతలు మడతలుగా ఉండే వేస్ట్ పైపు ఉండేది. ఆ మడతల్లో జిడ్డు పేరుకుని పదేపదే అడ్డం పడేది. గట్టి పీవీసీ పైపు, బాటిల్ ట్రాప్ పెట్టించాక బెడద చాలావరకు తగ్గింది. నా లెక్కలో ఇన్ని సామాన్లకు పెట్టిన డబ్బు కన్నా దీనికి పెట్టిందే సార్థకం.

పైపు లోపల దూరంగా ఉన్న అడ్డానికి స్ప్రింగు వైరు, అంటే పైపులోకి తోసే చుట్ల తీగ, తప్పదు. సన్నంగా, బద్దలా వంగిపోయేది కొనొద్దు. మలుపు దగ్గర మడతపడి తిరిగి రాదు. కాస్త లావుపాటిది, పిడి ఉన్నది, 5 మీటర్ల పొడవున్నది తీసుకుంటే ఇంటి అవసరానికి సరిపోతుంది. కవ్వంలా అటూ ఇటూ తిప్పకుండా ఒకే వైపు తిప్పుతూ తోయాలి. ఎదురు తిప్పితే చుట్లు విచ్చుకుంటాయి. ఆ మడతల పైపులోకి అయితే అసలు దింపొద్దు, చిల్లు పడుతుంది.

పొడి మందుల్లో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా. జిడ్డునీ జుట్టునీ కరిగిస్తుంది, నిజమే. కానీ నీళ్లు తగిలితే బాగా వేడెక్కుతుంది, చర్మం కాలుతుంది. అల్యూమినియం గిన్నెల మీద పడితే వాటిని తినేస్తుంది. నేను నెమ్మదిగా పారే డ్రైన్‌కే, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని వాడతాను. పూర్తిగా నిలిచిపోయిన సింకులో పోస్తే అక్కడే ఉండిపోతుంది. తర్వాత పైపు విప్పే ప్లంబర్ చేతుల మీద పడుతుంది, కాబట్టి పోసి ఉంటే అతనికి ముందే చెప్పాలి. టాయిలెట్ క్లీనర్లలో చాలావరకు యాసిడ్ ఉంటుంది. దాన్ని ఈ పొడితో కలిపితే కుతకుతలాడి చిమ్ముతుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరికే ప్రమాదం.

వంటసోడా, వెనిగర్ చిట్కా నాకు ఎప్పుడూ ఫలించలేదు. నురగ బాగా వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. సలసల మరిగే నీళ్లు కూడా పీవీసీకి మంచివి కావు, మెత్తబడి అతుకులు కదులుతాయి. చెయ్యి ఓర్చుకునే వేడి చాలు. గాలి ఒత్తిడితో అడ్డాన్ని కొడుతుందని ఆన్‌లైన్‌లో తెప్పించిన గాలి తుపాకీ అటకెక్కిన వాటిలో మొదటిది. ఒక్క దెబ్బకి సింకు కింద అతుకు ఊడి వంటగదంతా మురుగే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో మా బంధువుల ఇంటి లైన్లన్నీ బురదతో నిండిపోయాయి. ఇసుక, మట్టి ఏ మందుకీ కరగవు. నీటి ఒత్తిడితో కొట్టే జెట్టింగ్ బండి వస్తే గానీ కదల్లేదు. మెయిన్ లైను ఎవరిదైనా దారి అదే. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, కాబట్టి తక్కువకి దిగుతామని వచ్చినవాళ్లని కూడా మా అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోవడం లేదు. మెయింటెనెన్స్ డబ్బులోంచి వానాకాలానికి ముందే బండి పిలిపించి ఛాంబర్లు కడిగిస్తున్నాం.